సద్దుమణిగిన దేశం

బోర్నియో ద్వీపం ఉత్తరపు ఒడ్డున బ్రూనై అనే దేశం ఉంది. విస్తీర్ణం 5,765 చదరపు కిలోమీటర్లు. జనాభా నాలుగున్నర లక్షల ప్రాంతం, అంటే మన గుంటూరు నగరంలో ఉన్నంతమంది కూడా లేరు. చమురు, సహజవాయువుల పుణ్యమా అని తలసరి ఆదాయంలో ఆసియాలో పైవరుసలో నిలిచింది. మతం ఇస్లాం, ఏలుబడి సుల్తాన్‌ది. శ్రీహరికోటలో లేచి తూర్పుగా సాగే రాకెట్ల సంకేతాలు అందుకోవడానికి ఇస్రో 2000 నుంచి అక్కడొక కేంద్రం నడుపుతోంది. అయినా మనవాళ్ల విహారయాత్రల మాటల్లో ఆ దేశం పేరు వినపడేది కాదు. 2024 నవంబరులో రాయల్ బ్రూనై విమాన సంస్థ చెన్నైకి నేరుగా సర్వీసు మొదలుపెట్టాక ప్రశ్న మన గుమ్మందాకా వచ్చింది: అక్కడికి చూడ్డానికని వెళ్లడంలో అర్థముందా? దీన్ని వదినా మరదళ్లిద్దరి నోట పెడుతున్నాను. వదిన భూగోళం పాఠాలు చెప్పిన మనిషి, మరదలు వకీలు. నా మొగ్గు వదిన వైపు, అది దాచను. అందుకే మరదలికి నా చేతనైనంత గట్టి వాదం ఇచ్చాను. కొన్నిచోట్ల ఆవిడే నెగ్గిందేమో చదివేవాళ్లు చూసుకోవాలి.

మరదలు: వదినా, ముందు చిన్న ప్రశ్న. అక్కడ చూడ్డానికేముంది? రాజధాని బందర్ సెరి బెగవాన్‌లో పెద్ద మసీదులు రెండు. 1958లో కట్టిన ఒమర్ అలీ సైఫుద్దీన్ మసీదు ఒకటి, 1994 నాటి హసనిల్ బొల్కియా మసీదు ఇంకొకటి. రెండూ బంగారు గుమ్మటాలవే, రెండూ ఒక్క పూటలో అయిపోతాయి. రాజభవనంలో 1,788 గదులున్నాయంటారు, ఏడాదిలో పండగకు తెరిచే ఆ నాలుగు రోజులూ తప్ప గేటు బయటి నుంచే దణ్ణం పెట్టుకోవాలి. ఒక మ్యూజియంలో సుల్తాన్ గారి ఊరేగింపు రథం. ఆ తర్వాత? 1991 నుంచి మద్యం అమ్మకం లేదు. శుక్రవారం పన్నెండు నుంచి రెండు దాకా హోటళ్లతో సహా కొట్లన్నీ మూత. రంజాన్ నెల పగటిపూట కూర్చుని తినే చోటే దొరకదు. ఇంటింటా కార్లుండటం వల్ల టాక్సీలను వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు. పొద్దుపోయేసరికి ఊరు సద్దుమణుగుతుంది. సింగపూరు, బాలి అంత దగ్గర పెట్టుకుని, డబ్బుపోసి ఎవరైనా నిద్ర కొనుక్కుంటారా? విమానం మారడానికి దిగినవాళ్లు ఆ మధ్య దొరికిన కాసిని గంటల్లో రాజధాని మొత్తం చుట్టేసి వెళ్లిపోతారు. వాళ్లకేం తక్కువైంది?

వదిన: నీ జాబితాలో తప్పేం లేదమ్మాయ్. దాని వెనకున్న అలవాటే తప్పు. దేశమంటే యాత్రికుడి కోసం వేసిన తిరనాళ్ల అనుకునే అలవాటు అది. బ్రూనైకి ఆ అవసరం పడలేదు. 1929లో సెరియా దగ్గర చమురు పడింది. 1970ల మొదట్లో లుముత్‌లో వాయువును ద్రవంగా మార్చి ఓడల్లో జపానుకు పంపే కర్మాగారం వచ్చింది. అప్పటినుంచి ఆ దేశం తినే అన్నం ఆ రెండింటిదే, యాత్రికుడి డబ్బు అందులో నంజుడు కూడా కాదు. దాని ఫలితం చూడు. బాలిలో సాయంత్రపు నాట్యం మన బస్సు వేళను బట్టి మొదలవుతుంది. ఇక్కడ మనకోసం ఎవరూ ఏదీ మొదలుపెట్టరు. గడోంగ్ రాత్రి బజారుకు జనం వచ్చేది పొట్లాలు కట్టించుకుని ఇంటికి పోవడానికి. నాసి కటోక్ అని ఒక డాలరు పొట్లం ఉంటుంది: అన్నం, వేయించిన కోడిముక్క, సంబల్ కారం. ఆఫీసరు కొనేదీ అదే, మనకు దొరికేదీ అదే. అంబుయాత్ మరీను. సాగో చెట్టు బోదెలోంచి తీసిన పిండితో చేసిన జిగురుముద్దను జంట వెదురుపుల్లకు చుట్టి, పుల్లటి పచ్చడిలో ముంచి, నమలకుండా మింగాలి. విదేశీయులు ముఖం చిట్లిస్తారని వాళ్లు దాన్ని మార్చలేదు. నిన్ను మెప్పించే అవసరం లేని జనాన్ని వాళ్ల మామూలు రోజులో చూడటం ఆసియాలో ఇప్పుడు ఎన్నిచోట్ల వీలవుతుందో చెప్పు.

మరదలు: అంటే వాళ్లు మనల్ని పట్టించుకోకపోవడాన్నే సొగసు చేస్తున్నావు. ఏమీ జరగని చోటికి వెళ్లి ఏమీ జరగలేదని మెచ్చుకోవడానికి సముద్రం దాటడమెందుకు? మన ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి అరుగుమీద కూర్చుంటే సరిపోతుంది.

వదిన: అరుగుమీది నిశ్శబ్దం దానంతటది వచ్చింది. బ్రూనైలో ఉన్నది కట్టిన నిశ్శబ్దం, ఖరీదు పెట్టి కట్టినది. దాన్ని ఎవరు కట్టారు, దేనితో కట్టారు అని చూడటమే అక్కడ యాత్ర అని నా వాదం. అడవితో మొదలెడతాను, ఎందుకంటే కంటికి తేలిగ్గా ఆనేది అది. బోర్నియోలో మలేసియా రాష్ట్రాలైన సబా, సరవాక్ అడవులు దుంగలుగా ఓడలెక్కాయి, ఆ నేలమీదికి పామాయిల్ తోటలు వచ్చాయి. ఉపగ్రహ చిత్రాలు చూసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం, 1990 నుంచి 2009 లోపల ఆ రెండు రాష్ట్రాల నేలలో దాదాపు 80 శాతానికి గొడ్డలి దెబ్బ తగిలిందని తేల్చింది. అదే అధ్యయనంలో బ్రూనై నేలలో 54 శాతం చెట్టు కొట్టని అడవిగానే ఉంది. ఒకే ద్వీపం, ఒకే వాన, ఒకే జాతి చెట్లు. తేడా అల్లా భూమి కింది చమురే ఆ చిన్న దేశానికి సరిపోవడం, దానివల్ల పైన ఉన్న కలప అమ్ముకోవాల్సిన అగత్యం లేకపోవడం. తెంబురొంగ్ జిల్లాలో ఉలు తెంబురొంగ్ జాతీయోద్యానం 1991 నుంచి ఉంది, సుమారు 500 చదరపు కిలోమీటర్లు. లోపలికి రోడ్డు లేదు. పొడవాటి సన్నపడవలో రాళ్లమీదుగా ఏటికి ఎదురెక్కాలి, నీళ్లు తగ్గితే దిగి తొయ్యాలి. చెట్ల కొనల ఎత్తున ఉక్కు స్తంభాల మీద నడకదారి ఒకటి కట్టారు. అక్కడ నిలబడి ఏ దిక్కు చూసినా చెట్టే కనపడుతుందంటే, దాని కారణం ఇటుపక్క సెరియాలో తల ఊపుతున్న చమురు పంపుల దగ్గర దొరుకుతుంది. రెండూ చూడకపోతే ఒక్కటీ అర్థంకాదు.

మరదలు: ఇక్కడ అడవి మిగలడానికి ప్రపంచమంతా ఆ చమురు తగలబెట్టాలన్నమాట. నీ లెక్కలో పచ్చదనం ఉంది గాని పొగ లేదు.

వదిన: పొగా ఉంది, ఎవరింట్లోనో ఉంది. దాన్ని కాదనను. పైగా ఇప్పుడు 30 కిలోమీటర్ల వంతెన ఒకటి 2020లో తెరిచి తెంబురొంగ్‌ను రాజధానితో కలిపారు. అంతకుముందు ఆ జిల్లాకు పోవాలంటే మడ అడవుల సందుల్లోంచి పడవన్నా ఎక్కాలి, రోడ్డు దారిలో మలేసియాలోకి వెళ్లి మళ్లీ అయినా రావాలి. 1890లో సరవాక్‌ను ఏలుతున్న ఇంగ్లీషు రాజు చార్లెస్ బ్రూక్ మధ్యలో ఉన్న లింబాంగ్‌ను కలిపేసుకోవడంతో ఆ చిన్న దేశం రెండు ముక్కలైంది. ఆ వంతెన ఆ పాత గాయానికి వేసిన కుట్టు. కుట్టుతో పాటు కార్లూ అడవి అంచుదాకా వచ్చాయి, చూడాలి ఏమవుతుందో.

ఇక కంపోంగ్ ఆయర్. నదిమీద గుంజలు పాతి కట్టిన ఊరు. మెజెల్లన్ ఓడల్లో వచ్చిన పిగఫెట్టా అనే ఇటాలియన్ 1521లో ఆ నీటి నగరాన్ని చూసి 25 వేల కుంపట్లున్నాయని రాసుకున్నాడు. ఇప్పుడు కొన్ని వేలమందే మిగిలారు. ప్రభుత్వం గట్టుమీద ఇళ్లూ స్థలాలూ ఇస్తూ పోయింది, పిల్లలు గట్టెక్కారు. మిగిలినవాళ్లను చూసి దయతలిచే హక్కు మనకేం లేదు. బడులు, మసీదులు, అగ్నిమాపక కేంద్రం, పడవలకు పెట్రోలు బంకు అన్నీ గుంజలమీదే ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్ల కార్లు అవతలి గట్టున ఆగి ఉంటాయి. గుంజల ఇల్లంటే లేమి అని మన కంటికి పట్టిన పొర అక్కడ ఊడిపోతుంది. ఇది నీ కాసిని గంటల యాత్రికుడికి దొరకదు. వాడు ఒక డాలరిచ్చి పడవెక్కి, ఫొటో తీసుకుని, పేదలు పాపం అనుకుని విమానం ఎక్కుతాడు.

మరదలు: సరే, అడవీ నదీ నీకే వదిలేస్తున్నాను. దాచిపెట్టుకున్న మాట ఇప్పుడంటాను. 2013 అక్టోబరులో సుల్తాన్ షరియా శిక్షాస్మృతి ప్రకటించాడు. మొదటి విడత 2014లో, మిగతాదంతా 2019 ఏప్రిల్ 3న అమల్లోకి వచ్చాయి. వివాహేతర సంబంధానికి, మగవాళ్ల మధ్య సంబంధానికి రాళ్లతో కొట్టి చంపడం, దొంగతనానికి చెయ్యి నరకడం అందులో రాసి ఉన్నాయి. కొన్ని సెక్షన్లు ముస్లింలు కానివాళ్లకూ వర్తిస్తాయి. ఇంకా వెనక్కి వెళ్దాం. 1962లో ఎన్నికలు పెడితే అజహరి నడిపిన ప్రజాపార్టీ నెగ్గింది. నెగ్గినవాళ్లు కూర్చోవాల్సిన మండలి కొలువుదీరనేలేదు. ఆ డిసెంబరు 8న తిరుగుబాటు జరిగితే సింగపూరు నుంచి బ్రిటిష్, గూర్ఖా దళాలు దిగి అణిచేశాయి. అప్పుడు పెట్టిన ఎమర్జెన్సీని పొడిగిస్తూ ఈనాటికీ ఉంచారు. ఇరవయ్యొక్క నెలల ఎమర్జెన్సీని మనం యాభై ఏళ్లుగా తలుచుకుని తిడుతున్నాం వదినా, అక్కడ అరవై దాటాయి. సుల్తానే ప్రధానమంత్రి, ఆయనే ఆర్థిక, రక్షణ, విదేశాంగ మంత్రి. అక్కడే పుట్టి పెరిగిన చైనా సంతతివాళ్లలో వేలమందికి పౌరసత్వం లేదు, పాస్‌పోర్టు బదులు ఒక గుర్తింపు పత్రం. కట్టిన నిశ్శబ్దమన్నావు కదా, అది ఎవరి నోరు కట్టి కట్టారో కూడా చెప్పు. టికెట్టు కొన్నవాడు ఆ కట్టుకు ఇంకో ముడి వెయ్యడం లేదా?

ఇక్కడ వదిన చేత వెంటనే జవాబు చెప్పించడం అన్యాయమనిపించి ఒక మాట నేనే అంటున్నాను. బ్రూనైని మెచ్చేవాళ్లు మామూలుగా ఇక్కడ రెండు ముక్కలు చెబుతారు: 1957 తర్వాత అక్కడ ఎవరికీ మరణశిక్ష అమలు కాలేదు, 2019 మే 5న సుల్తాన్ స్వయంగా మరణశిక్షల నిలుపుదల కొత్త స్మృతికీ వర్తిస్తుందని ప్రకటించాడు. రెండూ నిజాలే. కానీ రాజుగారి మాటమీద ఆగిన శిక్ష రాజుగారి మాటమీద మొదలుకావచ్చు. పుస్తకంలో ఉన్న సెక్షను వాడకపోయినా పని చేస్తూనే ఉంటుంది. మనుషులు దాన్ని దృష్టిలో పెట్టుకునే మాట్లాడతారు, ప్రేమిస్తారు, దాక్కుంటారు. ఈ పాయింటు దగ్గర మరదలి పక్షం గట్టిదని ఒప్పుకునే వదిన మాట వినాలి.

వదిన: ఆ నిశ్శబ్దం నాకు హాయిగా ఉంటుందని నేనెప్పుడూ అనలేదు, చూడదగ్గదన్నాను. నీ ప్రశ్నలో డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. ఖజానా నిండేది గొట్టాల్లోంచి వచ్చే వాయువుతో. నా గది అద్దె ఆగిపోయిందని సుల్తాన్‌కు తెలియను కూడా తెలియదు. తెలిసేది పడవ నడిపేవాడికి, తెంబురొంగ్‌లో దారి చూపించే ఇబాన్ తెగ కుర్రాడికి. వెలి వెయ్యడానికి గురి ఉండాలి. 2019లో గురి ఉంది. సుల్తాన్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థకు చెందిన డార్చెస్టర్ హోటళ్లకు వెళ్లొద్దని జార్జ్ క్లూనీ వంటివాళ్లు పిలుపునిచ్చారు, కంపెనీలు విందులు రద్దు చేసుకున్నాయి, లండన్ రవాణా సంస్థ ప్రకటనలు తీసేసింది. నెల దాటిన కొద్దిరోజులకే ఆ మే 5 ప్రకటన వచ్చింది. కాబట్టి ఒత్తిడి పని చెయ్యదని నేననను, పనిచేసింది. అది పనిచేసింది పైకి కనపడింది గనక. హైదరాబాదులో ఎవరో బ్రూనైకి బదులు సింగపూరు టికెట్టు కొనుక్కుంటే అది ఎవరికి కనపడుతుంది? అన్నట్టు ఆ సింగపూరులో మత్తుమందుల కేసుల్లో ఉరితీతలు ఈమధ్య దాకా జరుగుతూనే ఉన్నాయి. అక్కడికి వెళ్లేవాళ్లను నువ్వు ఈ ప్రశ్న అడగవు. దుబాయిలో ఓటెవరికుందని అడగవు. అక్కడ ఆడుకోవడానికి నీళ్ల పార్కులున్నాయి, కొనడానికి బంగారముంది, కాబట్టి మన మనస్సాక్షి నిద్రపోతుంది. బ్రూనైలో కాలక్షేపం లేదు గనక లేచి కూర్చుంటుంది. ఇది నీతి కాదమ్మాయ్, విసుగుకు వేసిన వేషం.

మరదలు: దెబ్బ బాగానే కొట్టావు. కానీ ఇంకోచోట కూడా తప్పు జరుగుతోందనడం ఇక్కడి కేసులో జవాబు కాదు, ఏ కోర్టూ ఒప్పుకోదు. పైగా నువ్వు వెళ్లగలవు, మా అన్నయ్యతో కలిసి ఒకే గదిలో దిగగలవు. ఇద్దరు మగవాళ్ల జంట అలా దిగగలరా? నీ యాత్ర నీకున్న రక్షణ మీద నడుస్తోంది.

వదిన: నిజం. వాళ్లను వెళ్లమని నేను చెప్పను, ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. వెళ్లగలిగినవాళ్లు కళ్లు తెరుచుకుని వెళ్లాలన్నదే నా మాట. కనపడదనుకుంటావు గాని, నీ మూయించిన నోరు కూడా అక్కడ కనపడుతుంది. ప్రతి కొట్టులో సుల్తాన్ దంపతుల పటాలు. సెరియాలో ఇప్పటికీ బ్రిటిష్ సైన్యపు గూర్ఖా పటాలం, ఖర్చు సుల్తాన్‌ది. అంతకన్నా తేటగా చూడాలంటే ఈదుల్ ఫితర్ రోజుల్లో వెళ్లాలి. ఆ నాలుగు రోజులన్నావే, నిజానికి మూడు. ఆ మూడు రోజులూ రాజభవనం తలుపులు ఎవరికైనా తెరుస్తారు, విదేశీయులకు కూడా. వేలకు వేలమంది వరుస కడతారు, కడుపునిండా భోజనం పెడతారు, మగవాళ్లకు సుల్తాన్, ఆడవాళ్లకు రాణి చేయి కలుపుతారు, పిల్లలకు పచ్చ కవర్లలో డబ్బులిస్తారు. ఆ వరుసలో నిలబడితే ఆ దేశపు రాజ్యాంగం చదివినట్టే. ఆదాయపు పన్ను లేదు, పౌరులకు డాలరుతో వైద్యం, బడి చదువు ఉచితం, పెట్రోలు నీళ్ల ధర. బదులుగా ప్రశ్న అడగొద్దు. ఆ ఒప్పందం ఎంత విచిత్రంగా ఉండేదో చూడాలంటే జెరుదొంగ్ పార్కుంది. 1994లో జనానికి ఉచితంగా తెరిచిన ఆటల పార్కు. సుల్తాన్ యాభయ్యో పుట్టినరోజుకు, 1996లో, మైకేల్ జాక్సన్ అక్కడ టికెట్టు లేకుండా ఆడి పాడాడు. రెండేళ్లకు, 1998లో, సుల్తాన్ తమ్ముడి కంపెనీ అప్పుల్లో కుప్పకూలింది. పార్కు వైభవం దానితోనే పోయింది. ఒప్పందం రాజుగారి దయమీద నడిస్తే ఏమవుతుందో చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ ఇంత బొమ్మలతో లేదు.

మరదలు: పాఠం సరే. చమురు తగ్గుతోంది కదా, ఆ ఒప్పందం ఎన్నాళ్లు? 2035 నాటికి చమురు మీద ఆధారం తగ్గించుకోవాలని వాళ్లే ప్రణాళిక రాసుకున్నారు. చదువుకున్న కుర్రాళ్లకు సర్కారీ కొలువులు చాలడం లేదు. చైనావాళ్ల హెంగ్యి రిఫైనరీ 2019లో మొదలైంది. మన చెన్నై విమానం కూడా ఆ వెతుకులాటలో భాగమే. అంటే నీకు నచ్చిన ఆ 'మీ అవసరం మాకు లేదు' అన్న ధోరణి పోతోంది. అది పోకముందే చూసి వద్దామనడం యాత్రికులు చెప్పే కారణాల్లోకెల్లా నాసిరకం. జనాన్ని పాతసామాను కింద లెక్కెయ్యడం అది.

వదిన: నేను తిరగేసి చెబుతాను. అవసరం పుట్టాకే వెళ్లాలంటాను. ఎవరి అవసరమూ లేని రాజు ఎవరి మాటా వినడు. చమురుకు దేశం నోరూ చెవులూ అక్కర్లేదు, గొట్టం చాలు. హోటలు నిండాలంటే, విమానం నిండాలంటే బయటివాళ్లేమనుకుంటున్నారో వినాలి. 2019లో విన్నాడంటే ఆ హోటళ్ల వల్లే విన్నాడు. ఆ దేశపు బతుకు కొంత మనుషుల రాకపోకల మీద ఆధారపడ్డ రోజున నీలాంటి వకీలు అడిగే ప్రశ్నకు బరువొస్తుంది.

మరదలు: దుబాయికి కోట్లమంది వెళ్తున్నారు. ఓటొచ్చిందా? మాల్దీవుల్లో విదేశీయులకు ఒక చట్టం, దీవిలో పుట్టినవాళ్లకు ఒక చట్టం. యాత్రికుల కోసం రాజ్యం చేసేది అది: రిసార్టు చుట్టూ ఒక కంచె వేసి లోపల సడలించి బయట బిగిస్తుంది. ఇప్పటికే బ్రూనైలో ముస్లింలు కాని యాత్రికులు కొంత మద్యం వెంట తెచ్చుకుని, కస్టమ్స్‌లో చెప్పి గదిలో తాగొచ్చు. కంచె ఎక్కడ మొదలైందో చూశావా?

వదిన: చూశాను, ఆ ప్రమాదం ఉంది. కాదనడానికి నా దగ్గర లెక్క లేదు. అందుకే వెళ్లేవాళ్లు కంచె బయట దిగాలంటున్నాను. జెరుదొంగ్ తీరంలోని బ్రహ్మాండమైన హోటలొద్దు, నదిమీది ఇంట్లో గది చూసుకోవాలి. ఒక రోజు సెరియాకు, రెండు రోజులు తెంబురొంగ్‌కు, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా మూసి ఉండగా ఆకలితో రెండింటిదాకా కూర్చోవడానికి.

మరదలు: నది, సెరియా, అడవి, శుక్రవారపు ఆకలి, అన్నిటికీ సరే. ఆ మూడు రోజుల విందుకు మాత్రం నన్ను పిలవకు. పౌరసత్వం దొరకనివాళ్లు ఉన్న దేశంలో రాణిగారి చెయ్యి పట్టుకుని కేకు డబ్బా తెచ్చుకోవడం నావల్ల కాదు.

వదిన: నేను వెళ్తాను. ఆ గుర్తింపు పత్రం మాత్రమే ఉన్నవాళ్లు కూడా అదే వరుసలో నిలబడతారు. వాళ్ల పక్కన నిలబడకుండా నువ్వు వాళ్ల తరఫున ఏం వాదిస్తావు?

మరదలు: వాళ్లకు అది తప్పదు వదినా. నాకు తప్పుతుంది.